మందుల ఏజెన్సీలో సాఫ్ట్‌వేర్ పెడితే డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగలదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటే చదివేవారందరికీ సౌకర్యంగా ఉంటుంది. తణుకులో మీ నాన్నగారు ముప్పై ఏళ్లుగా మందుల హోల్‌సేల్ ఏజెన్సీ నడుపుతున్నారు. మీతో కలిపి తొమ్మిది మంది పనిచేస్తున్నారు, చుట్టుపక్కల మండలాల మెడికల్ షాపులకు సరుకు వెళ్తోంది. బిల్లులు పాత ప్రోగ్రాంలో ఒకే కంప్యూటర్ మీద కొడుతున్నారు. స్టాకు పుస్తకం, పార్టీల ఆవర్జా (ఒక్కో షాపు ఖాతా విడిగా ఉండే పుస్తకం) చేత్తో రాస్తున్నారు, జీఎస్టీ లెక్క ఎక్సెల్‌లో వేస్తున్నారు. మార్చితో ముగిసిన ఏడాదికి అమ్మకాలు 5 కోట్ల 40 లక్షలు తేలాయి. కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినాయన ఖర్చు 30 శాతం తగ్గుతుందని చెప్పారు. మీ నాన్నగారేమో పుస్తకాలతోనే ఇంతదూరం వచ్చాం కదా అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలన్నది మీ సందేహం. ఏ రోజున మొదలుపెట్టాలి, పాత డేటా అంతా మార్చాలా అని కూడా అడిగారు.

నేను 2003లో విజయవాడలో ఒక మందుల ఏజెన్సీలో గుమాస్తాగా చేరాను. ఆ తర్వాత చాలా ఏళ్లుగా కృష్ణా, గోదావరి జిల్లాల్లో మీలాంటి ఏజెన్సీలకు బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్లు పెట్టి, సిబ్బందికి నేర్పే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఇది. 30 శాతం అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పినాయననే అడగండి, ఆయన దగ్గర జవాబు ఉండదు. తొమ్మిది మంది జీతాలు, వ్యాన్ డీజిలు, గోడౌన్ అద్దె సాఫ్ట్‌వేర్ పెట్టినంత మాత్రాన తగ్గవు. తగ్గేది మీరు ఇప్పటివరకు ఖర్చుగా లెక్కలో రాయని నష్టం. గడువు తీరి చెత్తకుప్పకు పోయిన సరుకు, కంపెనీ దగ్గర అడగడం మరిచిపోయిన క్లెయిము, అందకుండా పోయిన జీఎస్టీ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునేది), అవసరానికి మించి నింపుకున్న స్టాకు మీద బ్యాంకుకు కట్టిన వడ్డీ అలాంటివి. ఇవేవీ మీ నాన్నగారి ఆవర్జాలో ఒక పద్దుగా కనిపించవు కాబట్టి, పుస్తకాలు చూసినప్పుడు అంతా సవ్యంగానే నడుస్తున్నట్టు ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ అసలు ఏం చేస్తుందో తెలియాలంటే ఒక పని చేయండి. రేపు పొద్దున ఒక మెడికల్ షాపు నుంచి వచ్చిన ఆర్డరులో ఒకే ఒక ఐటమ్ పట్టుకుని, అది మీ ఏజెన్సీలో ఎన్నిచోట్ల రాయబడుతుందో దాని వెంట నడిచి చూడండి. లైనుకు వెళ్లిన సేల్స్‌మన్ తన ప్యాడ్‌లో రాస్తాడు. గోడౌన్‌లో సరుకు తీసే అబ్బాయి కోసం దాన్నే ఇంకో చీటీ మీద రాస్తారు. ర్యాకులో చూసి బ్యాచ్ నంబరు అతను చీటీ మీద వేస్తాడు, బిల్లు కొట్టే ఆయన కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. సాయంత్రం స్టాకు పుస్తకంలో తగ్గిస్తారు, రోజువారీ చిట్టాలో వేస్తారు, చిట్టా నుంచి ఆవర్జాలో పార్టీ పేరు మీద ఎక్కిస్తారు. నెలాఖరుకు అదే బిల్లు ఎక్సెల్‌లో మళ్లీ పుడుతుంది. ఒక స్ట్రిప్పు మందు గుమ్మం దాటడానికి ఏడెనిమిది చోట్ల చెయ్యి పడుతోంది. రోజుకు 80 బిల్లులు, బిల్లుకు పది ఐటమ్‌లు అనుకుంటే 800 వరసలు. రాసిన ప్రతిచోటా కాస్త పొరపాటుకు అవకాశం ఉంది, పైగా ఒకచోట సరిదిద్దిన తప్పు మిగతా చోట్ల అలాగే ఉండిపోతుంది. సాఫ్ట్‌వేర్ వల్ల కలిగే మేలులో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది. ఒకసారి సరిగ్గా ఎక్కించినది మిగతా అన్నిచోట్లకూ తానే వెళ్తుంది. రంగురంగుల గ్రాఫులు, ఫోన్‌లో యజమాని చూసుకునే డాష్‌బోర్డు వంటివన్నీ దీని తర్వాతి మాట.

ఇక మీ విషయంలో వాయిదా వేయడానికి వీల్లేని కారణం ఒకటి ఉంది. ఈ-ఇన్వాయిస్ నిబంధన 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవర్ దాటిన సంస్థలతో మొదలై, అంచెలంచెలుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వారందరికీ వర్తించింది. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో ఆ హద్దు దాటినా, మరుసటి ఏడాది నుంచి జీఎస్టీ నంబరు ఉన్న ప్రతి పార్టీకి ఇచ్చే బిల్లునూ పోర్టల్‌లో నమోదు చేసి, అక్కడి నుంచి వచ్చే 64 అక్షరాల నంబరుతో, క్యూఆర్ కోడ్‌తో ఇవ్వాలి. అంటే ఈ ఏప్రిల్ నుంచే అది మీ మీద ఉంది. పోర్టల్‌లో ఉచితంగా ఇచ్చే టూల్‌తో నాలుగైదు బిల్లులు నెట్టుకురావచ్చు గానీ, రోజుకు 80 బిల్లులు చేత్తో ఎక్కించడం జరిగే పని కాదు. ఇందులో మీ నాన్నగారికి ముందే చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నమోదైన బిల్లును 24 గంటల లోపే రద్దు చేయగలరు, ఆ తర్వాత పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ క్రెడిట్ నోటు అనే పత్రం ఇవ్వడం తప్ప దారి లేదు. బిల్లు ఇప్పుడు కొట్టేద్దాం, ఎల్లుండి సరిచేద్దాం అన్న పాత అలవాటు ఇక చెల్లదు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్నకు నేను పెద్దగా చోటివ్వను. ఖాతాల సాఫ్ట్‌వేర్ టాలీ 1986 నుంచి ఉంది, అది తెలిసినంత మంది మనుషులు మన ఊళ్లలో ఇంకో దానికి దొరకరు. మార్గ్ లాంటివి మందుల వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకుని బ్యాచ్, గడువు, స్కీము అన్నీ బిల్లింగ్‌లోనే పెట్టాయి. ఇంకా చాలా ఉన్నాయి. మీరు చూడవలసినవి రెండే. ఒకటి, బ్యాచ్ వారీగా ఎంఆర్‌పీ, గడువు, కొన్న రేటు విడివిడిగా నిలబడుతున్నాయా అన్నది. రెండు, సాయంత్రం ఏడింటికి బిల్లింగ్ ఆగిపోతే ఫోన్ ఎత్తి గంటలో మనిషిని పంపే డీలరు మీ ఊళ్లోనో, భీమవరంలోనో ఉన్నాడా అన్నది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు.

నా అనుభవంలో సాఫ్ట్‌వేర్ ఫలించిన చోటికీ, మూలన పడిన చోటికీ తేడా ఐటమ్ మాస్టర్‌లో ఉంది. మాస్టర్ అంటే మీరు అమ్మే ప్రతి మందు పేరు, ప్యాకింగు, కంపెనీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడు (జీఎస్టీలో సరుకు రకాన్ని తెలిపే నంబరు), పన్ను రేటు ఒక్కచోట ఉండే జాబితా. దీన్ని తయారుచేసే పని ఎవరికీ ఇష్టం ఉండదు, కాబట్టి కొత్తగా చేరిన కుర్రవాడికి అప్పగిస్తారు. అతను పాత ప్రోగ్రాంలోంచి జాబితా మొత్తం తోడి కొత్తదాంట్లో పోస్తాడు. ఫలితం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. నేను వెళ్లిన ఒక ఏజెన్సీలో ‘డోలో 650’ అనే ఒకే మందు నాలుగు పేర్లతో ఉంది. ఒకటి మామూలుగా, ఒకటి పేరుకూ అంకెకూ మధ్య ఖాళీ లేకుండా, ఒకటి చివర ‘ట్యాబ్’ అని, ఇంకొకటి ‘15స్’ అని ప్యాకింగుతో. కొన్న సరుకు మొదటి పేరు మీద ఎక్కింది. అమ్మిన సరుకు, బిల్లు కొట్టే ఆయనకు తెర మీద ముందు ఏది కనిపిస్తే దాంట్లోంచి తగ్గింది. మొదటి పేరు కింద 900 స్ట్రిప్పులు నిల్వ చూపిస్తుంటే మూడో పేరు కింద మైనస్ 640 ఉంది. ర్యాకులో ఉన్నవి 260. యజమాని నన్ను పిలిచి ‘మీ సాఫ్ట్‌వేర్ తప్పులు చూపిస్తోంది’ అన్నారు. అది చూపిస్తున్నది వాళ్లు ఎక్కించిందే. కానీ ఆ మాట ఆయనకు నచ్చలేదు, నచ్చకపోవడంలో తప్పూ లేదు, ఎందుకంటే డబ్బు తీసుకున్నప్పుడు ఈ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు.

కాబట్టి మాస్టర్‌ను పాతదాంట్లోంచి తోడకండి. కూర్చుని కొత్తగా కట్టండి. ఆ పని కుర్రవాడికి కాదు, మీ గోడౌన్‌లో అందరికంటే పాత గుమాస్తాకు ఇవ్వండి. అలాంటి మనిషి ప్రతి ఏజెన్సీలోనూ ఒకరు ఉంటారు. కళ్లు మూసుకుని ఏ మందు ఏ ర్యాకులో ఏ అరలో ఉందో చెప్పేస్తారు. కంప్యూటర్ వస్తోందనగానే అందరికంటే ముందు బెంగపడేది ఆయనే, మొదటి నెల అందరికంటే గట్టిగా ‘ఇది పనికిరాదండీ’ అనేదీ ఆయనే. నేను ఒకచోట అలాంటి పెద్దాయన పక్కన కంప్యూటర్ తెలిసిన అమ్మాయిని కూర్చోబెట్టి, ఆయన ర్యాకు ముందు నిలబడి పేరు చెబుతుంటే ఆమె ఎక్కించేలా పన్నెండు రోజులు పని చేయించాను. ఏ మందు చీమలు పట్టే సిరప్, ఏది ఫ్రిజ్‌లో ఉండాలి, ఏ రెండింటి పెట్టెలు ఒకేలా ఉండి చేతులు మారతాయి అన్నవి ఆ పన్నెండు రోజుల్లోనే బయటికొచ్చాయి. ఒకేలా కనిపించే పెట్టెలను ఆయన సలహాతో వేర్వేరు అరల్లోకి మార్చాం, ర్యాకు నంబరు మాస్టర్‌లో వేశాం. అప్పటి నుంచి సరుకు తీసే చీటీ ఆర్డరు రాసిన వరసలో కాక ర్యాకుల వరసలో అచ్చవుతోంది, ఎవరు కొత్తగా చేరినా ఆ చీటీ పట్టుకుని సరుకు తీయగలుగుతున్నారు. పెద్దాయన ఇప్పుడు మాస్టర్‌లో తనకు తెలియకుండా ఎవరూ పేరు చేర్చకూడదని పట్టుబడుతున్నారు. ఆయన చెప్పేది నూటికి నూరుపాళ్లు సరైనది.

గడువు సంగతి మందుల వ్యాపారంలో ప్రత్యేకం. మిగతా వ్యాపారాల్లో ముందు వచ్చిన సరుకు ముందు పోతే చాలు. మనకు ముందు గడువు తీరేది ముందు పోవాలి, అది ఎప్పుడు వచ్చిందన్నది అనవసరం. కంపెనీ పంపిన కొత్త లాటులో పాత బ్యాచ్ ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ బిల్లు కొట్టేటప్పుడు దగ్గర గడువున్న బ్యాచ్‌నే ముందు చూపిస్తుంది, ఆరు నెలల్లో తీరిపోయేవన్నీ కంపెనీ వారీగా జాబితా ఇస్తుంది. గడువు సరుకు వెనక్కి తీసుకోవడానికి ఒక్కో కంపెనీకి ఒక్కో వ్యవధి ఉంటుంది, అది దాటితే క్రెడిట్ నోటు రాదు. జాబితా ప్రతి నెలా మొదటి వారంలో అచ్చు తీసి, సరుకు అట్టపెట్టెలో కట్టి, క్లెయిము రాసి పంపే పని ఒక మనిషిది అని తేల్చి పెట్టకపోతే ఆ జాబితా వల్ల నయాపైసా రాదు. ఇదే పని పెద్ద స్థాయిలో ప్రభుత్వ ఆసుపత్రుల మందుల నిల్వల కోసం కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్ చేస్తోంది, మన రెండు రాష్ట్రాల్లోనూ దాన్ని వాడారు. ఏ గోడౌన్‌లో ఏ బ్యాచ్ ఎంత ఉందో, దానికి ఎన్నాళ్ల గడువుందో ఒకచోట కనిపిస్తే, ఒక ఊళ్లో మందు లేక ఇబ్బంది పడుతుండగా పక్క ఊళ్లో అదే మందు గడువు తీరిపోయే పరిస్థితిని ముందే పసిగట్టవచ్చు.

బ్యాచ్ లెక్క ఉండటం వల్ల ఇంకో ఉపయోగం ఉంది, అది డబ్బుతో కొలవలేనిది. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ నాణ్యత లేవని తేలిన మందుల జాబితాను బ్యాచ్ నంబర్లతో సహా ప్రతి నెలా బయటపెడుతుంది. అందులో మీరు అమ్మిన బ్యాచ్ ఉంటే, అది ఏ షాపులకు ఎన్ని స్ట్రిప్పులు వెళ్లిందో డ్రగ్ ఇన్‌స్పెక్టరు అడుగుతారు. పుస్తకాల్లో ఆ జవాబు వెతకడానికి నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా ముగ్గురికి ఒక పూటంతా పట్టింది, అయినా రెండు షాపుల పేర్లు తర్వాత ఎప్పుడో బయటపడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ నంబరు కొడితే నిమిషంలో వస్తుంది. అయితే ఒక షరతు ఉంది. బిల్లులో వేసిన బ్యాచ్, పెట్టెలో పెట్టిన బ్యాచ్ ఒకటే కావాలి. తెర మీద ఏదో ఒక బ్యాచ్ ఎంచి, చేతికి అందిన స్ట్రిప్పు పెట్టెలో పడేసే అలవాటు ఉన్నంత కాలం ఆ నిమిషంలో వచ్చిన జవాబు అబద్ధమే అవుతుంది.

జీఎస్టీ దగ్గర మీ ఎక్సెల్ వల్ల ఎంత పోతోందో నేను చెప్పలేను గానీ, ఎక్కడ పోతోందో చెప్పగలను. 2022 జనవరి నుంచి, మీకు అమ్మినవారు తమ రిటర్నులో చూపించి, అది మీ జీఎస్‌టీఆర్-2బీలోకి, అంటే మీ కొనుగోళ్లతో పోర్టల్ తయారుచేసే జాబితాలోకి, వచ్చిన బిల్లుల మీదే క్రెడిట్ తీసుకోవడానికి వీలుంది. ఆ 2బీ ప్రతి నెలా 14న తయారవుతుంది, మీరు 20 లోగా నెలవారీ రిటర్ను 3బీ వేస్తారు. మధ్యలో ఉన్న ఆరు రోజుల్లో మీ కొనుగోలు బిల్లులన్నీ దానితో పోల్చి చూడాలి. చేత్తో పోల్చేవారు మొత్తాలు చూసి దగ్గరగా ఉంటే వదిలేస్తారు. ఒక బిల్లు రాలేదన్న సంగతి, ఇంకో బిల్లు మీ నంబరుకు బదులు వేరేవాళ్ల నంబరు మీద పడిందన్న సంగతి మొత్తంలో కనిపించవు. సాఫ్ట్‌వేర్ బిల్లు వారీగా పోల్చి, రానివాటిని పక్కన పెడుతుంది. ఆ జాబితా చేతిలో ఉంటే, డబ్బు పంపడానికి ముందే అమ్మినవారిని అడగవచ్చు. డబ్బు వెళ్లిపోయాక అడిగితే ‘చూస్తామండీ’ అన్న మాటే మిగులుతుంది.

పన్ను రేట్లు మారినప్పుడు కూడా తేడా తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22న చాలా మందులు 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి, 36 మందుల మీద పన్ను పూర్తిగా పోయింది. మాస్టర్‌లో హెచ్‌ఎస్‌ఎన్ సరిగ్గా ఉన్న ఏజెన్సీలు ముందురోజు రాత్రి రెండు గంటలు కూర్చుని రేట్లు మార్చి, పొద్దున షట్టరు ఎత్తి మామూలుగా బిల్లులు కొట్టుకున్నాయి. మాస్టర్ గజిబిజిగా ఉన్నచోట నేను వారం రోజులు తిరిగాను. ఎక్కువ మంది తడబడింది కొత్త రేటు దగ్గర కాదు, పాత సరుకు వెనక్కి వచ్చినప్పుడు. 12 శాతం వేసి అమ్మిన సరుకు అక్టోబరులో తిరిగొస్తే క్రెడిట్ నోటు పాత బిల్లు ప్రకారం 12 శాతంతోనే ఇవ్వాలి. అసలు బిల్లును చూసి క్రెడిట్ నోటు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఇది దానంతటదే జరిగింది, చేత్తో కొట్టినవారు 5 వేసి తర్వాత సర్దుకున్నారు.

ఇప్పుడు స్టాకు మీద కట్టే వడ్డీ. మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 5 కోట్ల 40 లక్షల అమ్మకాల మీద 8 శాతం మీ మార్జిన్ అనుకుంటే, అమ్మిన సరుకు ఖరీదు సుమారు 4 కోట్ల 97 లక్షలు, అంటే రోజుకు లక్షా 36 వేలు. మీ గోడౌన్‌లో 45 రోజుల సరుకు నిలవ ఉంటే 61 లక్షల పైచిలుకు అక్కడ కూర్చుని ఉంది. దాన్ని 30 రోజులకు తేగలిగితే 20 లక్షలకు పైగా చేతికొస్తుంది. ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు) మీద 10 శాతం వడ్డీ లెక్కన ఏటా రెండు లక్షలు మిగిలినట్టు. ఏ ఐటమ్ నెలకు ఎంత కదులుతోందో తెలిస్తే గానీ దాన్ని తగ్గించడం కుదరదు, తెలియక తగ్గిస్తే కావలసినవి ఖాళీ అయి అక్కర్లేనివి మిగులుతాయి. మూడు నెలల అమ్మకం చూసి ఆర్డరు ఎంత పెట్టాలో సాఫ్ట్‌వేర్ సూచిస్తుంది. అయితే దాన్ని గుడ్డిగా నమ్మకండి. వానలు మొదలవగానే జ్వరాల మందులు, సెలైన్లు ఎలా లేస్తాయో దానికి మే నెల అమ్మకాలు చెప్పవు, మీ నాన్నగారికి తెలుసు. సూచనను ఆయన ముందు పెట్టి ఆయన చేత దిద్దించడమే మంచి పద్ధతి. కంపెనీ టార్గెట్ కోసం నెలాఖరున రెప్రజెంటేటివ్ బతిమాలి దించే సరుకు మాత్రం ఏ సూచనకూ లొంగదు. ఆ విషయంలో సాఫ్ట్‌వేర్ చేయగలిగిందల్లా, అలా దించిన సరుకు ఆరు నెలల తర్వాత ఎంత మిగిలిందో ముఖం మీద చూపించడం.

స్కీముల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మందుల ఏజెన్సీలో కనిపించకుండా కారేది ఎక్కువగా ఇక్కడే. పదికి ఒకటి ఉచితం అని కంపెనీ ప్రకటిస్తుంది. మీరు షాపుకు ఇచ్చేస్తారు, తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. కొన్నిసార్లు షాపుకు తక్కువ రేటుకు ఇవ్వమంటారు, ఆ తేడాను క్లెయిము చేసుకోవాలి. ఆసుపత్రి ఆర్డర్లకు వేరే రేటు. వీటిని ఒక డైరీలో రాసుకుని, ఆ డైరీ ఉన్న మనిషి మానేసినప్పుడు క్లెయిములన్నీ గాలికి పోయిన ఏజెన్సీని నేను చూశాను. ఉచిత సరుకును బిల్లులో వేరే గడిలో వేసి, దాన్ని కంపెనీ పేరు మీద రావలసిన బాకీగా నిలబెట్టే సాఫ్ట్‌వేర్ అయితే, షాపుల బాకీలు అడిగినట్టే కంపెనీల బాకీలనూ ప్రతి నెలా అడగగలుగుతారు. డెమో చూపించడానికి వచ్చినాయనను ఈ ఒక్క పని మీ కళ్ల ముందు చేసి చూపించమనండి. ఆయన తడుముకుంటే ఆ సాఫ్ట్‌వేర్ మీకు వద్దు.

వసూళ్లలో సాఫ్ట్‌వేర్ ఇచ్చే మేలు తక్కువ, చెప్పుకునే ప్రచారం ఎక్కువ. ఏ పార్టీ ఎన్ని రోజుల బాకీ ఉందో అది చెబుతుంది. కానీ షాపాయన 20 వేలు చేతిలో పెట్టినప్పుడు అది ఏ బిల్లుల కిందికి వస్తుందో అడిగి సర్దకుండా ‘ఖాతాలో జమ’ అని ఎక్కించేస్తే, నెల తర్వాత వచ్చే బాకీల జాబితా చూసి మీ సేల్స్‌మనే నవ్వుతాడు. కట్టేసిన బిల్లులు బాకీగా, నిజంగా బాకీ ఉన్నవి ఎక్కడో అడుగున కనిపిస్తాయి. ఇక క్రెడిట్ హద్దు దాటిన పార్టీకి బిల్లు పడకుండా తాళం వేసే సదుపాయం దాదాపు అన్నింటిలోనూ ఉంది. ఆ తాళం మొదట తీసేది యజమానే. ‘పాతిక సంవత్సరాల పరిచయం, పర్లేదులే వేసెయ్’ అంటారు. అది వ్యాపారంలో సహజం, నేను తప్పుపట్టను. తీసినప్పుడు ఎవరు తీశారో నమోదవుతున్నదా అన్నది మాత్రం చూసుకోండి.

ఆ మాట మీదే ఇంకొకటి. అందరూ ఒకే పాస్‌వర్డుతో పనిచేసే ఏజెన్సీలో పోయిన సరుకుకు ఎవరూ బాధ్యులు కారు. ప్రతి మనిషికీ తన పేరుతో లాగిన్ ఇవ్వండి, బిల్లు తుడిచే అధికారం ఇద్దరికి మించి ఉంచకండి. కంపెనీ చట్టం కింద నమోదైన సంస్థలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఖాతాల్లో ఎవరు ఏం మార్చారో జాడ నిలిపే సాఫ్ట్‌వేరే వాడాలి. మీది సొంత ఏజెన్సీ కాబట్టి ఆ నిబంధన మీకు వర్తించదు, అయినా ఆ సదుపాయాన్ని మొదటి రోజు నుంచే తెరిచి ఉంచండి. అనుమానించడం కోసం కాదు. ఒకసారి నేను పనిచేసిన చోట 11 వేల తేడా ఒక నిర్దోషి కుర్రవాడి మీద పడింది. మూడు నెలల తర్వాత తెలిసింది, ఒక బిల్లును తేదీ మార్చి రెండుసార్లు కొట్టారని. అప్పటికి అతను మానేసి వెళ్లిపోయాడు.

బ్యాకప్ గురించి నాకు తగిలిన దెబ్బ చెబుతాను. 2011లో ఒక ఏజెన్సీలో రోజూ సాయంత్రం బ్యాకప్ తీయించేవాణ్ణి. అది వెళ్లి అదే కంప్యూటర్‌లోని డి డ్రైవ్‌లో కూర్చునేది. హార్డ్ డిస్కు పోయిన రోజున అసలుతోపాటు బ్యాకప్ కూడా పోయింది. నాలుగు నెలల బిల్లులు అచ్చు కాపీలు చూసి మళ్లీ ఎక్కించాం, నేనూ కూర్చుని ఎక్కించాను, దానికి డబ్బు అడిగే ముఖం నాకు లేదు. అందుకని ఒక కాపీ గోడౌన్‌లో, ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవ్ మీద, ఒకటి ఇంటర్నెట్‌లో ఉండాలి. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. కరెంటు పోయినప్పుడు కనీసం పావుగంట నిలిచే యూపీఎస్ కూడా సాఫ్ట్‌వేర్ ఖర్చులో భాగమే అనుకోండి.

మొదలుపెట్టే రోజు గురించి అడిగారు. నెల మొదటి తేదీ ఎంచుకోండి, దసరా ముందో మార్చి చివరో వద్దు. ముందు ఆదివారం షట్టరు దించి మొత్తం స్టాకు చేత్తో లెక్కపెట్టండి, బ్యాచ్ వారీగా, గడువుతో సహా. పుస్తకంలో ఉన్న నిల్వను తెచ్చి ఎక్కించకండి, ర్యాకులో ఉన్నదే ఎక్కించండి. తేడా ఎంత వచ్చిందో మాత్రం ఒక కాగితం మీద రాసి దాచండి, ఆరు నెలల తర్వాత మళ్లీ లెక్కపెట్టినప్పుడు పోల్చుకోవడానికి. దానితోపాటు ఇవాళ్టి నాలుగు అంకెలు కూడా రాసుకోండి. ఆర్డరు అందినప్పటి నుంచి సరుకు వ్యాన్ ఎక్కేదాకా పట్టే సమయం, నిరుడు గడువు తీరి పోయిన సరుకు విలువ, 90 రోజులు దాటిన బాకీ, కంపెనీల నుంచి రావలసిన క్లెయిములు. సాఫ్ట్‌వేర్ వల్ల లాభం వచ్చిందా లేదా అని ఏడాది తర్వాత మీరూ మీ నాన్నగారూ వాదించుకోనక్కర్లేకుండా ఆ కాగితం తేలుస్తుంది.

చేతి పుస్తకాలను కొత్తదానితో సమాంతరంగా ఒక నెల నడపండి, రెండో నెలకు ఆపేయండి. ఏడాదిపాటు రెండూ నడిపిన చోట సిబ్బంది రెండింటినీ సగం సగం రాశారు, చివరికి దేన్నీ నమ్మలేకపోయారు. మీ నాన్నగారికి ఆవర్జా చూడందే నిద్రపట్టదంటే, రోజూ సాయంత్రం పార్టీల బాకీలు అచ్చు తీసి ఆయన బల్ల మీద పెట్టించండి. ఆయనకు కావలసింది కాగితం, అది ఎవరి చేతిరాతో అన్నది వారం రోజుల్లో అలవాటవుతుంది.

చివరిగా, పాత డేటా అంతా కొత్తదాంట్లోకి మార్చాలా అన్న మీ ప్రశ్న. మాస్టర్ కొత్తగా కట్టమని చెప్పాను. పార్టీల బాకీలు మాత్రం మొత్తంగా కాక బిల్లు వారీగా, తేదీతో సహా ఎక్కించండి, రెండు రోజులు ఎక్కువ పట్టినా సరే. పాత అమ్మకాలు, కొనుగోళ్లు మార్చనవసరం లేదు. అలాగని పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి. జీఎస్టీ చట్టం ప్రకారం ఏ ఏడాది లెక్కలనైనా ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు చూపించగలగాలి. ఆ ప్రోగ్రాం తెరుచుకునే స్థితిలో కంప్యూటర్‌ను ఒక మూల ఉంచి, నెలకోసారి ఆన్ చేసి, దాని డేటా కాపీ కూడా ఆ మూడుచోట్లా పెట్టండి.